ఎడారిలో థర్మోస్టాట్: ఒక గ్యారేజీ నమ్మకం చరిత్ర

ఎండ దేశంలో కారుకు థర్మోస్టాట్ అనవసరమనీ, దాన్ని తీసేస్తే ఇంజిన్ చల్లగా నడుస్తుందనీ ఒక నమ్మకం ఉంది. కువైట్‌లోని షువైఖ్ పారిశ్రామిక ప్రాంతపు గ్యారేజీల్లో ఈ మాట వినిపిస్తుంది. రాయలసీమ ఊళ్ళలోని మెకానిక్ షెడ్లలోనూ వినిపిస్తుంది. కడప, అన్నమయ్య, చిత్తూరు, గోదావరి జిల్లాల నుంచి కువైట్ వెళ్ళి డ్రైవర్లుగా, మెకానిక్‌లుగా పనిచేస్తున్న తెలుగువారిలో చాలామందికి ఈ సలహా రెండు చోట్లా ఎదురై ఉంటుంది. అక్కడే ఇంజనీర్లుగా, నర్సులుగా, అకౌంటెంట్లుగా స్థిరపడి సొంత కారు నడుపుకొనేవారికీ ఇది కొత్తది కాదు.

దీన్ని వట్టి మూఢనమ్మకమని కొట్టిపారేయడానికి వీల్లేదు. ఒకప్పటి ఇంజిన్ల విషయంలో దీనికి కొంత ఆధారం ఉంది. ఆ ఇంజిన్లు రోడ్ల మీదనుంచి తప్పుకున్నాయి, నమ్మకం మాత్రం మిగిలింది. అది ఎలా పుట్టింది, ఎంతవరకు సబబుగా ఉంది, ఎప్పుడు హానికరంగా మారింది అన్నది పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఆ చరిత్ర తెలిస్తే, 50 డిగ్రీల ఎండలో తిరిగే కారుకు ఎలాంటి థర్మోస్టాట్ ఎంచుకోవాలి, దాన్ని ఎలా మార్చాలి అన్న ప్రశ్నలకు కూడా చాలావరకు జవాబు దొరుకుతుంది.

వేడిని నిలిపే పరికరం

గ్రీకు భాషలో ‘థెర్మోస్’ అంటే వేడి, ‘స్టాటోస్’ అంటే నిలకడగా ఉన్నది. 17వ శతాబ్దం ఆరంభంలో డచ్చి శాస్త్రజ్ఞుడు కార్నెలిస్ డ్రెబెల్ కోడిగుడ్లు పొదిగించే పెట్టెలో వేడి తనంతట తానే సర్దుకొనే ఏర్పాటు చేశాడు. స్కాట్లండ్ రసాయన శాస్త్రజ్ఞుడు ఆండ్రూ యూర్ 1830లో, రెండు వేరువేరు లోహాల పట్టీలను అతికిస్తే వేడికి అవి వంగే గుణాన్ని ఆధారం చేసుకొని పనిచేసే పరికరానికి పేటెంట్ పొందాడు. థర్మోస్టాట్ అన్న పేరు అతను పెట్టినదే.

మోటారు కారు పుట్టినప్పుడు ఇలాంటి పరికరం అవసరమని ఎవరికీ తోచలేదు. 1886 నాటి కార్ల్ బెంజ్ కారులో నీరు మరిగి ఆవిరైపోతూ ఇంజిన్‌ను చల్లబరిచేది. తరిగిన నీటిని మళ్ళీ పోసుకోవాలి. 1900లో విల్‌హెల్మ్ మేబాక్ రూపొందించిన మెర్సిడెస్ 35 హార్స్‌పవర్ కారులో తేనెపట్టు లాంటి రేడియేటర్ వచ్చాక, అదే నీటిని తిప్పి తిప్పి వాడుకోవడం తేలికయింది. 1908లో ఫోర్డ్ మోడల్ టీ వచ్చింది. తొలి కొన్ని వేల బండ్లను మినహాయిస్తే దానికి నీటి పంపు కూడా లేదు. వేడెక్కిన నీరు తేలికై పైకి లేస్తుంది, చల్లబడిన నీరు బరువై కిందికి దిగుతుంది. ఆ ప్రవాహమే ఇంజిన్‌ను కాపాడేది. దీన్ని థర్మోసైఫన్ పద్ధతి అంటారు. 1927 దాకా సుమారు కోటిన్నర మోడల్ టీ కార్లు థర్మోస్టాట్ ఊసు లేకుండానే తయారయ్యాయి.

అవసరం మొదట కనిపించింది చలి దేశాల్లో, అదీ పంపు ఉన్న పెద్ద ఇంజిన్లలో. పంపు బలంగా నీటిని తోస్తుంటే చలికాలంలో ఇంజిన్ ఎంతసేపటికీ వేడెక్కదు. చల్లని ఇంజిన్‌లో పెట్రోలు పూర్తిగా ఆవిరి కాదు. అది సిలిండర్ గోడల మీది నూనె పొరను కడిగేసి, అడుగునున్న ఇంజిన్ ఆయిల్‌లో కలుస్తుంది. అందువల్ల నీరు తగినంత వేడెక్కేదాకా రేడియేటర్ దారిని మూసి ఉంచే కవాటం కావలసివచ్చింది. అమెరికా వాతావరణ శాఖలో పనిచేసిన వెస్టన్ ఫుల్టన్ 20వ శతాబ్దపు తొలి సంవత్సరాల్లో అతుకులేని ముడతల లోహపు తిత్తిని తయారుచేశాడు. ‘సిల్ఫాన్’ అన్న పేరుతో అది ప్రసిద్ధి పొందింది. తక్కువ వేడికే మరిగే ద్రవాన్ని తిత్తిలో నింపి మూసేస్తే, చుట్టూ ఉన్న నీరు వేడెక్కినప్పుడు లోపలి ఆవిరి తిత్తిని సాగదీసి కవాటాన్ని తెరుస్తుంది. 1914లో వెలువడిన కాడిలాక్ ఎనిమిది సిలిండర్ల కారులో ఇలాంటి థర్మోస్టాట్ ఉంది.

నీరే కరువైన చోట

థర్మోస్టాట్ అమెరికా చలిలో రూపుదిద్దుకుంటున్న ఆ కాలంలోనే కువైట్‌కు కారు చేరింది. అక్కడి మొదటి కారుగా చెప్పుకొనేది బెల్జియం దేశపు మినర్వా. 1912 ప్రాంతంలో పాలకుడు షేక్ ముబారక్ అల్ సబాహ్‌కు అది బహుమతిగా అందింది. ఇచ్చినది భారతదేశంతో ముత్యాల వ్యాపారం ఉన్న అల్ ఇబ్రాహీం కుటుంబం. అప్పటి కువైట్‌కు బొంబాయి పొరుగూరు లాంటిది. 1961లో కువైట్ దినారు వచ్చేదాకా అక్కడ చెలామణి అయిన నాణెం కూడా రూపాయే.

ఆ కువైట్‌లో అన్నిటికన్నా విలువైన వస్తువు మంచినీరు. ఊరి బావుల్లో నీరు చాలావరకు ఉప్పన. షట్ అల్ అరబ్ నది నుంచి పడవల్లో తెచ్చిన నీటిని జనం కొనుక్కొని తాగేవారు. సముద్రపు నీటిని బట్టీపట్టే ప్రభుత్వ కర్మాగారం 1953లో గాని పనిచేయడం మొదలుపెట్టలేదు. ఇలాంటి చోట బెంజ్ కాలపు పద్ధతిలో నీటిని ఆవిరిగా వదిలేయడం ఎవరికీ భరించగలిగిన విషయం కాదు. ఉప్పునీరు పోస్తే అందులోని లవణాలు వేడి లోహం మీద పెచ్చులుగా కట్టుకుంటాయి, సన్నని గొట్టాలు పూడుకుపోతాయి.

ఎడారి వాహనచోదకులు దీనికి ఒక ఉపాయం కనిపెట్టారు. మొదటి ప్రపంచయుద్ధంలో ఈజిప్టు పడమటి ఎడారిలో తిరిగిన బ్రిటిష్ పహరా దళాల మోడల్ టీ కార్లలో, రేడియేటర్ నుంచి వచ్చే ఆవిరిని ఒక గొట్టం ద్వారా పక్కన కట్టిన నీటి డబ్బాలోకి మళ్ళించేవారు. ఆవిరి అక్కడ చల్లబడి నీరయ్యేది, ఇంజిన్ చల్లారాక ఆ నీరు వెనక్కి పీల్చుకోబడేది. 1920లు, 30లలో లిబియా ఎడారిని కార్లతో దాటిన రాల్ఫ్ బాగ్నాల్డ్ ఈ పద్ధతిని బాగా వాడుకున్నాడు. ఇవాళ ప్రతి కారులోనూ రేడియేటర్ పక్కన కనిపించే ప్లాస్టిక్ డబ్బా అదే ఆలోచనకు రూపం. కువైట్‌కు ఇంకా చేరువలో, 1923లో న్యూజిలాండ్ సోదరులు నార్మన్, జెరాల్డ్ నైర్న్ డమాస్కస్, బాగ్దాద్ నగరాల మధ్య ఎడారి దారిలో కార్లు నడపడం మొదలుపెట్టారు. ఈ ప్రయాణాలు నేర్పిన పాఠం ఒకటే: ఎడారిలో ఇంజిన్‌ను కాపాడేది ఎంత నీరు పోశామన్నది కాదు, ఎంత నీటిని పోనివ్వకుండా నిలుపుకున్నామన్నది.

తిత్తి నుంచి మైనానికి

నీటిని నిలుపుకొనే ప్రయత్నమే థర్మోస్టాట్ రూపాన్ని మార్చింది. రేడియేటర్‌ను గట్టి మూతతో బిగించి లోపల ఒత్తిడి పెరగనిస్తే నీరు 100 డిగ్రీల దగ్గర మరగదు. వాతావరణ పీడనానికి మరొక వాతావరణమంత ఒత్తిడి తోడైతే మరిగే స్థానం 120 డిగ్రీల దాకా పెరుగుతుంది. అందుకే ఒత్తిడి మూతలు క్రమంగా అన్ని కార్లలోకీ వచ్చాయి. అయితే ఆవిరితో ఉబ్బే తిత్తికి ఇది కష్టకాలం. బయటి నీటి ఒత్తిడి పెరిగేకొద్దీ అది తిత్తిని అదిమిపెడుతుంది, కవాటం తెరుచుకోవలసిన వేళకు తెరుచుకోదు.

దీనికి పరిష్కారం సెర్జియస్ వెర్నే చూపాడు. 1930ల మధ్యలో అతను మైనంతో పనిచేసే థర్మోస్టాట్‌ను రూపొందించాడు. లోహపు బుడిపెలో మైనం నింపి, వేడి త్వరగా పాకడానికి దానిలో రాగి పొడి కలుపుతారు. మైనం కరిగేటప్పుడు దాని పరిమాణం గణనీయంగా పెరుగుతుంది. ఆ పెరుగుదల రబ్బరు పొర ద్వారా ఒక సన్నని కడ్డీని నెట్టి కవాటాన్ని తెరుస్తుంది. మైనం గడ్డకట్టగానే స్ప్రింగు మూసేస్తుంది. గట్టి పదార్థం కరిగి ద్రవమయ్యే బలం ముందు నీటి ఒత్తిడి లెక్కలోకి రాదు. ఇవాళ్టి కార్లలో ఉన్నది ఈ మైనపు థర్మోస్టాటే.

ఈ మార్పులో ఒక చిక్కు కూడా ఉంది. మన నమ్మకం మూలాలు కొంత అందులో దొరుకుతాయి. పాత తిత్తి చిల్లుపడితే సాధారణంగా కవాటం తెరుచుకొని ఉండిపోయేది. ఇంజిన్ వేడెక్కడం ఆలస్యమయ్యేది, అంతే. మైనపు థర్మోస్టాట్‌లో మైనం కారిపోతే స్ప్రింగు కవాటాన్ని మూసే ఉంచుతుంది. నీరు రేడియేటర్‌కు పోదు, కొద్ది నిమిషాల్లో ఇంజిన్ మరిగిపోతుంది. ఎండ దేశాల మెకానిక్ దృష్టిలో చలికి తప్ప పనికిరాదనిపించిన ఈ పరికరం, చెడినప్పుడు మాత్రం ఇంజిన్‌కు ప్రాణాంతకంగా మారింది.

తీసివేత ఎలా ఆచారమైంది

చలి దేశాల అలవాట్లు ఈ అనుమానాన్ని ఇంకా బలపరిచాయి. 20వ శతాబ్దం మొదటి సగంలో, నీరు గడ్డకట్టకుండా దానిలో ఆల్కహాల్ కలిపేవారు. మిథైల్ ఆల్కహాల్ 65 డిగ్రీలకే మరుగుతుంది కాబట్టి, 71 డిగ్రీలకు తెరుచుకొనే తక్కువ వేడి థర్మోస్టాట్‌లు దానికి జోడీగా వాడేవారు. 1920ల చివర ఇథిలీన్ గ్లైకాల్ మార్కెట్లోకి వచ్చింది. దాని మరుగు స్థానం 197 డిగ్రీలు. దానితో 82 డిగ్రీల థర్మోస్టాట్ వాడగలిగారు. ఋతువునుబట్టి, పోసే ద్రవాన్నిబట్టి థర్మోస్టాట్ మార్చే అలవాటు అక్కడ ఉండేది. అది చలికాలపు వస్తువన్న భావన ఎండ దేశాల్లో బలపడటంలో ఆశ్చర్యం లేదు.

బ్రిటిష్ కార్ల విషయం ఇంకా ఆసక్తికరమైనది. 1961 దాకా కువైట్ బ్రిటన్ రక్షణలో ఉంది. మన అంబాసిడర్ కూడా మోరిస్ ఆక్స్‌ఫర్డ్ వంశానిదే. బి.ఎం.సి. తరహా ఇంజిన్ల కోసం, థర్మోస్టాట్ తీసేసినప్పుడు దాని స్థానంలో బిగించడానికి ఒక లోహపు వలయం దొరికేది. దాని పని బైపాస్ రంధ్రాన్ని మూయడం. థర్మోస్టాట్ మూసి ఉన్నప్పుడు నీరు ఇంజిన్‌లోనే తిరగడానికి ఉన్న అడ్డదారే బైపాస్. థర్మోస్టాట్‌ను ఊరికే తీసేస్తే ఆ దారి ఎప్పుడూ తెరిచే ఉంటుంది, వేడి నీటిలో కొంత భాగం రేడియేటర్ ముఖం చూడకుండానే తిరిగి ఇంజిన్‌లోకి పోతుంది. అంటే తీసివేత అన్నది పూర్వం రెండు భాగాల పని: కవాటం తీయాలి, వలయం పెట్టాలి. చేతులు మారేకొద్దీ మొదటి సగం సలహాగా నిలిచింది, రెండవ సగం జారిపోయింది.

అయినా ఆ రోజుల్లో నష్టం అంతగా కనబడలేదు. ఇనుప ఇంజిన్లు బరువైనవి, వేగం తక్కువ, కార్బురేటర్‌కు ఇంజిన్ వేడితో పెద్ద లెక్క లేదు. తిరుమల కనుమదారిలో బానెట్ ఎత్తి నీళ్ళు పోసుకుంటూ ఆగిన కార్లను చూసినవారికి, నీటి దారిలో అడ్డున్నదేదైనా శత్రువుగానే కనబడుతుంది.

మారిన ఇంజిన్, మారని సలహా

కువైట్‌లో 1938లో బుర్గాన్ దగ్గర చమురు బయటపడింది, 1946లో మొదటి ఎగుమతి జరిగింది. 1950ల తొలినాళ్ళలో రూపొందిన నగర ప్రణాళిక వలయ రహదారులను గీసింది. 1957లో పాత మట్టిగోడను కూల్చివేశారు. నగరం పూర్తిగా కారు మీద ఆధారపడింది. అదే దశాబ్దాల్లో ఇంజిన్ లోపలా మార్పులు వచ్చాయి. పొగలో విషవాయువులు తగ్గించే నిబంధనల వల్ల 1960లు, 70లలో అమెరికన్ కార్ల థర్మోస్టాట్ స్థాయి సుమారు 90 డిగ్రీలకు పెరిగింది. సిలిండర్ హెడ్‌లు అల్యూమినియంతో చేయడం మామూలైంది. ఇంధనాన్ని కొలిచి పోసే పని కంప్యూటర్ చేతికి వచ్చింది. ఇంజిన్ ఇంకా చల్లగా ఉందని సెన్సర్ చెప్తే, కంప్యూటర్ అదనంగా పెట్రోలు పోయిస్తుంది. థర్మోస్టాట్ లేని కారుకు జనవరి రాత్రి ఆరవ వలయ రహదారి మీద జరిగేది ఇదే. ఇంధనం వృథా, ఆయిల్ పాడు.

మరి జూలై మధ్యాహ్నం సంగతి? 2016 జూలై 21న కువైట్‌లోని మిత్రిబాలో 53.9 డిగ్రీల వేడి నమోదైంది. ప్రపంచ వాతావరణ సంస్థ దాన్ని ధ్రువీకరించింది. ఇక్కడ ఒక చిన్న లెక్క చూడాలి. రేడియేటర్ వదిలించుకోగల వేడి, నీటికీ గాలికీ మధ్య ఉన్న తేడానుబట్టి ఉంటుంది. గాలి 20 డిగ్రీలు, నీరు 90 డిగ్రీలు అయితే తేడా 70. గాలి 50 అయితే తేడా 40 మాత్రమే. అంటే అదే రేడియేటర్ శక్తి ఏడింట నాలుగు వంతులకు పడిపోతుంది. ఎయిర్ కండిషనర్ కండెన్సర్ ముందుండటం వల్ల రేడియేటర్‌ను తాకే గాలి ఇంకా వేడిగా ఉంటుంది. ఇప్పుడు 71 డిగ్రీల థర్మోస్టాట్ పెట్టామనుకుందాం. ఇంజిన్‌ను 71 దగ్గర నిలపాలంటే 21 డిగ్రీల తేడాతోనే అంత వేడినీ వదిలించుకోవాలి. అది ఆ రేడియేటర్‌కు సాధ్యం కాదు. నీరు వేడెక్కుతూ పోయి, రేడియేటర్ శక్తి చాలిన చోట ఆగుతుంది. ఆపాటికి 82 డిగ్రీల థర్మోస్టాట్ అయినా పూర్తిగా తెరుచుకొనే ఉంటుంది.

ఇది గ్రహిస్తే అసలు విషయం తేలిపోతుంది. థర్మోస్టాట్ నిర్ణయించేది ఇంజిన్ కనీస వేడిని. గరిష్ఠ వేడిని నిర్ణయించేది రేడియేటర్, ఫ్యాన్, పంపు. తక్కువ డిగ్రీల థర్మోస్టాట్ ఎడారి ఎండలో అదనపు చల్లదనమేమీ ఇవ్వదు. అడుగున రెండవ పళ్ళెం ఉండి, వేడెక్కాక బైపాస్‌ను మూసే రకం ఇంజిన్లలో, థర్మోస్టాట్‌ను మొత్తానికే తీసేస్తే ఉన్న చల్లదనం కూడా తగ్గుతుంది. చల్లబరచడానికని చేసిన పని ఇంజిన్‌ను మరిగిస్తుంది.

ఎంపిక, మార్పిడి

కాబట్టి ఎంపిక సూత్రం సులభం: తయారీదారు ఆ ఇంజిన్‌కు నిర్ణయించిన డిగ్రీలే తీసుకోవాలి. ఆ అంకె సాధారణంగా థర్మోస్టాట్ మీదే ముద్రించి ఉంటుంది. అది తెరుచుకోవడం మొదలయ్యే వేడి. పూర్తిగా తెరుచుకోవడానికి మరో 10, 15 డిగ్రీలు పడుతుంది. జపాన్ కార్లలో 82 ప్రాంతం, అమెరికన్ కార్లలో 90 ప్రాంతం తరచుగా కనిపిస్తాయి. ఒకదానికి మరొకటి సర్దకూడదు. కొలత, అడుగు పళ్ళెం, రబ్బరు వలయం అన్నీ సరిపోవాలి గనుక ఛాసిస్ నంబర్ చెప్పి భాగం తీసుకోవడం మేలు. కొన్ని కార్లలో థర్మోస్టాట్ ప్లాస్టిక్ గూడుతో కలిసి ఒకే ముక్కగా వస్తుంది. 1990ల తర్వాత కొన్ని ఇంజిన్లలో మైనాన్ని విద్యుత్తుతో వేడిచేసే రకం వచ్చింది. దాని స్థానంలో మామూలుది పనికిరాదు.

మార్చే ముందు తప్పు దానిదేనా అని చూడాలి. షమాల్ గాలులు తెచ్చే దుమ్ము రేడియేటర్ సందుల్ని పూడ్చేస్తుంది. ఫ్యాన్ ఆగిపోయినా, మూత స్ప్రింగు సడలినా కారు మరుగుతుంది. ముల్లు ఎర్రగీత దగ్గర ఉండి, రేడియేటర్ వైపు గొట్టం చల్లగానే ఉంటే థర్మోస్టాట్ మూసుకుపోయిందని అనుమానించవచ్చు. తీసిన థర్మోస్టాట్‌ను గిన్నెలో నీళ్ళు పోసి, థర్మామీటర్ పెట్టి కాచి చూస్తే, ఏ డిగ్రీ దగ్గర కదిలిందో కంటికే కనబడుతుంది. కొత్తదాన్నీ బిగించే ముందు ఇలాగే పరీక్షించడం మంచిది.

వేడిగా ఉన్న రేడియేటర్ మూత ఎట్టి పరిస్థితిలోనూ తీయకూడదు. ఇంజిన్ పూర్తిగా చల్లారాక కూలెంట్‌ను శుభ్రమైన పాత్రలోకి దించి, గూడు బోల్టులు విప్పాలి. పాత గాస్కెట్ ముక్కలు లోహానికి గీతపడకుండా గీకి తీయాలి. మైనపు బుడిపె ఇంజిన్ వైపు ఉండాలి. అంచున గాలి పోయే చిన్న రంధ్రం, అందులో కదిలే పిన్ను ఉంటే, తయారీదారు వేరే చెప్పనంతవరకు అది పైకి రావాలి. బోల్టులను సమంగా, మితంగా బిగించాలి. ఆ తర్వాత ఆ కారుకు చెప్పిన కూలెంట్ నింపాలి. ఎండ దేశం కదా అని వట్టి నీరు పోయడం పొరపాటు. గ్లైకాల్ మరుగు స్థానాన్ని పెంచుతుంది, దానిలోని రసాయనాలు తుప్పును ఆపుతాయి. కలపడానికి బట్టీపట్టిన నీరే వాడాలి. కువైట్ కుళాయి నీరు సముద్రం నుంచి బట్టీపట్టినదే అయినా, తాగడానికి వీలుగా దానిలో కొంత భూగర్భజలం కలుపుతారు. కాబట్టి సీసాలో అమ్మే డిస్టిల్డ్ వాటర్ వేరే కొనాలి. చివరగా హీటర్ తెరిచి ఇంజిన్ నడిపి లోపలి గాలిని పోనివ్వాలి. చల్లారాక మట్టం మళ్ళీ చూడాలి.

ఎవరికి భారం

ఇంత చిన్న వస్తువు గురించి ఇంత చర్చ ఎందుకంటే, దాని వల్ల వచ్చే నష్టం అందరి మీదా ఒకేలా పడదు. సొంత కారున్న ఇంజనీరుకు అది ఒక ఖర్చు. ఇంటి డ్రైవర్‌కు అది ఉద్యోగం. కువైట్ 2015లో ఇంటిపనివారి కోసం చట్టం చేసింది, 2016లో వారి కనీస నెలజీతాన్ని 60 దినార్లుగా నిర్ణయించింది. అల్యూమినియం హెడ్ వంగితే అయ్యే మరమ్మతు ఆ మొత్తాన్ని సులభంగా దాటుతుంది. మధ్యాహ్నం పిల్లల్ని బడి నుంచి తెచ్చే వేళ కారు దారిలో మరిగితే, యజమాని మొదట అడిగేది డ్రైవర్‌నే. థర్మోస్టాట్ ఎన్నాళ్ళ కిందట, ఎవరు తీసేశారో అతనికి తెలిసే అవకాశం తక్కువ. బానెట్ మూశాక ఆ లోటు బయటికి కనబడదు. చలికాలమంతా కారు బాగానే నడిచినట్టు అనిపిస్తుంది, మొదటి తీవ్రమైన ఎండ రోజున లెక్క తేలుతుంది.

అందువల్ల పాత కారు బాధ్యత తీసుకొనే డ్రైవరు, పాత కారు కొనే ఉద్యోగి మెకానిక్‌ను అడగవలసిన మొదటి ప్రశ్నల్లో ఒకటి: ఇందులో థర్మోస్టాట్ ఉందా, ఉంటే ఎన్ని డిగ్రీలది? కారు చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి, ముల్లు ఎంతసేపటికి మధ్యకు వస్తుందో, వచ్చాక అక్కడే నిలుస్తుందో లేదో చూసినా కొంత జవాబు దొరుకుతుంది. వేగంగా పోతున్నప్పుడు ముల్లు కిందికి జారి, ట్రాఫిక్‌లో పైకెక్కుతుంటే, థర్మోస్టాట్ లేదనో తెరుచుకొని ఉండిపోయిందనో అనుమానించాలి.

తీసేయమని చెప్పే మెకానిక్‌ను తప్పుపట్టడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. అతని గురువు చేతికి వచ్చిన ఇంజిన్లకు ఆ సలహా చాలావరకు చెల్లింది. వలయం సంగతి గురువు చెప్పలేదో, శిష్యుడు మరిచాడో ఇప్పుడు తేల్చలేం. చేతిపని విద్యలన్నీ నోటిమాటగా సాగేవే. వాటిలో ఏం చేయాలన్నది నిలిచినంత గట్టిగా ఎందుకు చేయాలన్నది నిలవదు. షువైఖ్‌లో రెంచి పట్టే తెలుగు కుర్రవాడికి ఆ రెండవ సగం కూడా అందితే, ఎక్కడో ఒక డ్రైవరు ఉద్యోగం నిలబడుతుంది.